పలచని గాలి

ఎల్ ఆల్టోలో గాలికి బలం తక్కువ.
రెండు మెట్లెక్కితే నాకే ఆయాసం,
ఇక అది విమానాన్నేం మోస్తుంది?

రాత్రి తొమ్మిదికి వర్క్‌షాపు తాళం వెయ్యడం నా పని.
పదకొండైనా వీళ్లు కదలరు.
నైరా రెక్కను ఇంకో జానెడు పెంచుతానంటుంది,
పెంచితే బరువంటాడు ఎఫ్రెయిన్.
బల్సా చెక్క పొడి ఇద్దరి కనుబొమల మీదా,
పిండిమరలోంచి లేచొచ్చినట్టు.
మోటారు ఎవరిదో పాత డ్రోన్‌లోంచి ఊడదీసింది.
జిగురు మాత్రం
ఎవరి వాదనా వినకుండా ఆరిపోతూ ఉంటుంది.

మొదటిసారి నాలుగు క్షణాలు ఎగిరింది.
ముక్కు మట్టిలో.
ఎవరూ ఏడవలేదు. ఎఫ్రెయిన్ ముక్కలేరి
బంగాళాదుంపల గోనెలో వేసుకున్నాడు,
నైరా విరిగినచోట వేలు పెట్టి
చాలాసేపు చదివింది.

ఈ శనివారం, మోయాల్సిన బరువు కింద
మా ఆవిడ ఎండబెట్టిన దుంపలు అరకిలో ఇచ్చాను.
లేచింది.
ఇల్లిమాని మంచు దాకా అని కోతలు కొయ్యను,
మైదానం చివరి గోల్‌పోస్టు దాటింది, తిరిగొచ్చింది.
దారినపోయే ముసలామె వీపు మూట దించి నిలబడింది.

రిమోట్ నైరా చేతిలో.
బొటనవేళ్లు తప్ప ఆమెలో ఏదీ కదల్లేదు.
ఊపిరి బిగబట్టింది నేను,
అసలే గాలి తక్కువ ఊళ్లో.