కొమ్ముకోనెం కోసం, ఉరవకొండలో

తాడిపత్రి బండల ఫ్యాక్టరీ ఓబుళరెడ్డి
అండమాన్‌లో పడవ మాట్లాడుకున్నాడు,
మార్చి నెలకి, మూడు దినాలకి.
కొమ్ముకోనెం పట్టల్లంట.
మనిషి కంటే పొడుగు చేప, మూతికి ఈటె,
నీళ్ళలోంచి లేచి తోకమీద నడుస్తాదంట.
"నువ్వూ రా వన్నూరప్పా" అన్నాడు,
"లోతులోంచి బరువు లాగేటోడివి,
నీ చేతులు నాకు గావల్ల."

నేను సముద్రం సూసినోణ్ణి గాదు.
ఇరవై రెండేండ్లుగా బోర్లలోంచి మోటార్లు తీసేటోణ్ణి.
ఏ చేన్లో ఎన్ని అడుగులకి తడి తగిలిందో
ఎన్ని అడుగులకీ తగల్లేదో
రైతుల పేర్లతో సహా నాకు నోటికొచ్చు.

సరంజామా పార్సిల్లో వచ్చింది.
పసిపిల్ల తలకాయంత బంగారు రంగు రీలు,
నడుముకి బిగించే పట్టీ, తోలు చేతొడుగులు,
ఊదారంగు కుచ్చుల బొమ్మచేప.
ఆ కుచ్చులు జడకి పెట్టుకుంటానని
మా చిన్నది దినమంతా ఏడ్సింది.

దారం తెగే బరువు ముప్పై ఆరు కిలోలు,
అందులో మూడోవంతు కాడ రీలు జారల్ల,
అని కాగితంలో రాసినారు.
చెనిక్కాయల మండీకి పోయి
మారెక్క తూకమేసే కాటా కొక్కేనికి దారం తగిలించి లాగినా.
పదికే జారింది. బిగించినా.
పద్నాలుగు. సడలించినా.
మారెక్క సంచి మీద కూకొని నవ్వింది:
"తూకంలో మోసాలన్నీ సూసినా గానీ
వట్టి గాలిని తూసేటోణ్ణి ఇప్పుడే సూస్తాండా."

తెల్లారుజామున పెన్నహోబిలం దారిలో
కాశీం సాయిబు మోపెడ్డుకి దారం కొస కట్టి
పొమ్మన్నా.
రీలు కీచుమని అరిసింది.
మడమలు కంకర్లో దిగబడినాయి.
చేతులు, అలవాటు పోక,
దారాన్ని గట్టిగా పట్టేసుకోవాలని సూసినాయి.
చెవిలో ఫోను, ఫోన్లో రెడ్డి:
"పట్టుకోవద్దు, పోనీ. దాని అలుపు దాన్ని పడనీ.
ఇటు తిరిగినప్పుడే సుట్టల్ల."
మలుపు కాడ సాయిబు బండి ఆపి
బీడీ ముట్టించుకున్నాడు.
చేప ఆలోచిస్తాంది, అనుకున్నా.

చేతికి దారం సుట్టుకోవద్దని
అదే కాగితంలో ఎర్రక్షరాలు.
ఆ మాట మాకు కాగితం చెప్పల్సిన పనిలేదు.
చిన్న పుల్లన్న ఎడమ చేతికి మూడే వేళ్ళు.
సిద్ధమ్మ చేన్లో తాడు జారిన దినం
మిగతా రెండూ మోటారు ఎంబడే పోయినాయి,
ఆరొందల నలభై అడుగుల కిందికి.
మోటారు దొరకలేదు.
బోరు మూసేసినారు. అప్పు మూసుకోలేదు.

అందుకే రెడ్డిని అడిగినా,
పట్టినాక ఏం జేస్తాం, కోసుకుంటామా, అమ్ముతామా?
"వదిలేస్తాం" అన్నాడు.
"ఒక ఫోటో తీసుకొని, గాలం ఊడదీసి
నీళ్ళలోకి వదిలేస్తాం."
ఆయన పెట్టేసినాక కూడా
శానాసేపు ఫోను చెవికాడే ఉండిపోయింది.
అంత కష్టపడి లోతులోంచి తెచ్చింది
మళ్ళా లోతుకే ఇచ్చేసేంత కలిగినోళ్ళని
మా పక్క నేను సూళ్ళేదు.

రేపు గుంతకల్లులో రైలెక్కల్ల.
దారం చిక్కుల్లేకుండా దిగుతాందా అని సూసుకునేకి
రాత్రి ఎక్కడికి పోవల్ల?
కాళ్ళు సిద్ధమ్మ చేనికే పోయినాయి.
మూతరాయి జరిపి సీసం గుండు దించినా.
వంద. రెండొందలు.
రీలు మెత్తగా, నిద్రలో మాట్లాడినట్టు.
నాలుగొందలు.
ఆరొందల నలభై కాడ ఆగింది.
ఇనుముకి తగిలింది.
చప్పుడు గాదు, వేలికి మాత్రం తెలిసే అదురు.

టార్చి లైటు పట్టుకొని సిద్ధమ్మ వచ్చింది,
దొంగలనుకుందేమో, చేతిలో కట్టె.
నన్ను సూసి కట్టె దించింది.
"తడేమన్నా తగిలిందా అప్పా?"
"లేదక్కా."

సుట్టుకుంటా సుట్టుకుంటా పైకి తీసినా.
గుండు నిండా ఎర్రదుమ్ము.
పంచె కొంగుతో తుడవబోయి
తుడవకుండానే పెట్టెలో పెట్టుకున్నా.
సముద్రమే కడుక్కోనీ.