ఒక్క గడి

హోబర్ట్‌లో జూలై. ఐదు కాకముందే చీకటి.
రేవులో ఎర్ర ఓడ దీపాలు వెలిగించుకుని
ఎవరో ఆగమన్నట్టు ఆగి ఉంది.
మూడో అంతస్తులో నేనూ, హీటరూ,
పోయిన జనవరిలో తీసిన నాలుగు వందల ఫొటోలూ.

నా పని గుంటల్ని లెక్కపెట్టడం.
మంచు పలక మీద కరిగిన నీళ్లు నిలిచిన గుంటలు.
ఒక్కోదానికి రెండే అంకెలు:
ఎంత మేర పరుచుకుంది, ఒడ్డు ఎంత పొడుగు.
నీలిరంగు గురించి ఎవరూ అడగరు.

చిన్నవి బుద్ధిమంతులు.
పెనం మీద నూనె చుక్కల్లా గుండ్రంగా కూర్చుంటాయి.
ఒక కొలత దాటాక పక్కదాన్ని కలుపుకుంటాయి,
దాని పక్కదాన్నీ,
ఇక ఒడ్డుకి అంతుండదు.
పాయలు, కొంకులు, వేళ్లు,
గోడకి చెమ్మ పాకినట్టు.
గ్రాఫు మీద మాత్రం
తిన్నగా పోయే గీత ఒకచోట
మోకాలు మడిచినట్టు వంగుతుంది.
ఆ మోకాలు ఎక్కడో చెప్పినందుకే నాకు జీతం.

తెలుపు ఎండని తిప్పికొడుతుంది.
నీళ్లు తాగుతాయి. తాగేకొద్దీ దాహం.
సమీకరణంలో ఇదంతా ఒక్క గ్రీకు అక్షరం,
చిన్న చేపలా ఉంటుంది.

రెండువందల పదిహేడో ఫొటో దగ్గర ఇరుక్కున్నాను.
రెండు పెద్ద గుంటలు,
మధ్యలో ఒక్క గడి, నల్లగా.
నీళ్లనుకుంటే రెండూ ఒకటే,
మోకాలు ముందుకి జరుగుతుంది.
మంచు అనుకుంటే వేరు కాపురాలు.

బ్రొన్విన్‌ని పిలిచాను.
ముప్పై ఏళ్లు ఆ ఓడల్లో వెళ్లొచ్చిన మనిషి.
కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి
తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది.
"అది నీళ్లూ కాదు, మంచూ కాదు హైమా.
డెస్మండ్.
లోతు కొలిచే కర్ర పట్టుకుని అక్కడ నిలబడమంది నేనే.
కదలొద్దన్నాను."

పేరులోనే మంచు ఉన్నదాన్ని,
ఈ లెక్కలో మనిషిని ఎక్కడ వేయాలో
నాకెవరూ నేర్పలేదు.
ప్రోగ్రాముకి తెలిసినవి సున్నా, ఒకటి.

"తర్వాత?" అన్నాను.
కోటు గుండీలు పెట్టుకుంటోంది.
"తర్వాతేముంది, భోజనానికి వచ్చేశాం.
అతని బూటు గుంతల్లోకి
రెండు వైపుల నుంచీ నీళ్లొచ్చాయట.
నేను చూళ్లేదు. సూప్ వేడిగా ఉంది ఆ రోజు."

లిఫ్టు దిగిన చప్పుడు.

ఫొటో మూల టైము చూశాను: పొద్దున పది.
అప్పటికి ఆయన కాళ్ల కింద ఉన్నది మంచే.
సున్నా కొట్టాను.
అబద్ధం కాదు, ఆ గంటకి.

రెండువందల పద్దెనిమిది.
అదే చోటు. సాయంత్రం నాలుగు.
మనిషి లేడు.

ఈసారి ఎవర్నీ పిలవలేదు.