సముద్రం పడకుండా

బొబ్బిలిలో నా స్టూడియో తలుపుకి
"సోమవారం రండి" అని అట్టముక్క తగిలించి వచ్చాను.
పదకొండేళ్లుగా తీసినవన్నీ ముఖాలే.
తెల్ల తెర ముందు కూర్చోండి, గడ్డం కొంచెం కిందకి,
చెవులు రెండూ కనబడాలి, నవ్వకండి.
పెళ్లిళ్లలో మాత్రం, నవ్వండి.

డిసెంబరు. రెండు రోజులు. అరువు తెచ్చుకున్న లెన్సు.
ఇస్తూ సోమినాయుడు ఒక్క మాటే అన్నాడు:
"ఇసుక తగలనీకు."
పెళ్లికెళ్తున్నవాడితో
అక్షింతలు మీద పడనీకు అన్నట్టు.

ఋషికొండలో ఇంకా చీకటి.
నాకంటే ముందే పద్నాలుగు ట్రైపాడ్లు.
అందరం వంగి వెతుకుతున్నాం
ఉంగరం పోగొట్టుకున్నవాళ్లలా.
ఆయన వచ్చాడు,
తువ్వాలు భుజాన వేసుకుని నూతి దగ్గరకు పోతున్నవాడిలా,
ఎవర్నీ చూడకుండా.
టకటకటక.
పదిహేను కెమెరాల్లో ఒకే సూర్యుడు.

మంగమారిపేట రాతి తోరణం కింద
నీరు తీసేదాకా కూర్చున్నాను.
నాచు మీద జారి మోకాలు చీరుకుపోయింది,
లెన్సు మాత్రం తలకంటే పైన,
చంటిబిడ్డని ఏరు దాటిస్తున్నట్టు.
ఎర్రమట్టి దిబ్బల్లో నా నీడ నాకంటే ముందు దిగింది.
సాయంత్రం యారాడ బస్సులో పక్కాయన
"అదే డాల్ఫిన్ ముక్కు" అని చూపించాడు.
ఎంత చూసినా ముక్కే.
ముఖం ఎక్కడుందో దొరకలేదు నాకు.

రాత్రి లాడ్జిలో లెక్కపెట్టాను. ఆరువందల పన్నెండు.
అన్నీ బాగానే ఉన్నాయి.
క్యాలెండరు వాళ్లు కొనేంత బాగా.
దుప్పటి కప్పుకుని వాటినే చూస్తూ
ఎందుకో ఆకలి కూడా వేయలేదు.

మర్నాడు జాలారిపేటలో
నెత్తళ్లు ఎండబోస్తున్న మనిషి తలెత్తింది.
"ఫోటోలు తీస్తావేటి బాబూ?"
"సముద్రం తీస్తానమ్మా."
"అదెక్కడికెల్పోద్ది? నాకోటి తియ్యి.
కార్డుకి కావాల. ఎనకాల తెల్లగుండాలంట.
సముద్రం పడకూడదంట."

మైలపల్లి దేసమ్మ. పేరు కార్డులో తప్పు పడిందట,
దాన్ని సరిచేయడానికి మళ్లీ ముఖం కావాలట.
మనవడు ఎల్లాజీ ఐసుపెట్టె థర్మోకోల్ మూత తెచ్చి
ఆమె వెనక నిలబెట్టాడు.
చిల్లు పడిన పడవ మీద ఆమె కూర్చుంది
రాజుగారి ముందు కూర్చున్నట్టు, వీపు నిటారుగా.
"గడ్డం కొంచెం కిందకి."
నా నోరు దానంతటదే అనేసింది.
చెంప మీద ఒక చేప పొలుసు.
ఎండ దాని మీదే వాలింది.
చెప్పకూడదనుకున్నాను ఒక్క క్షణం.
చెప్పాను. కార్డు కదా.
కొంగుతో తుడుచుకుంది,
అది ఎక్కడ రాలిందో తెలియలేదు.

"నవ్వకండి" అనే అవసరం రాలేదు.

ఆరువందల పన్నెండింట్లో దేనికీ
ఎవరూ కాపీ అడగలేదు.
ఈమె ఎనిమిది అడిగింది.
రోడ్డెక్కి ప్రింటు వేయించి తెచ్చేసరికి మధ్యాహ్నం.
ఎనిమిదీ అరచేతిలో పరిచి
చాలాసేపు చూసి,
"మా అమ్మలాగుంది," అంది, ఎవరితోనూ కాదు.
డబ్బులు వద్దంటే
పేపరులో నెత్తళ్లు చుట్టి సంచిలో కుక్కింది.

రైల్లో అసలు ఫోటో పెద్దది చేసి చూశాను.
మూత అంచున ఎల్లాజీ వేళ్లు నాలుగు.
ఆమె ఎడమ చెవికీ మూతకీ మధ్య
దారప్పోగంత సందు.
అందులో నీలం.
ప్రింటుకి కత్తిరించింది నేనే,
అప్పుడు చూసుకోలేదు.

రేపు సోమినాయుడు మూత తీసి, ఉఫ్ అని ఊది,
వెలుగుకి పెట్టి తిప్పుతాడు.
ఇసుక లేదు, ఒక్క రేణువు లేదు.
ఈ వాసనకి ఏం చెప్పాలా అని
కొత్తవలస దాటేదాకా ఆలోచించాను.
ఎదుటి సీటులో పిల్లాడు ముక్కు మూసుకుని
నన్నే చూస్తున్నాడు.