బోర్లించిన సీసా

స్ఫటికం కోసం మూడు వారాలు బతిమాలాను.
సూదిమొనంత చాలు, ఎక్స్‌రే కింద పెట్టడానికి.
శుక్రవారం నోటుబుక్కులో "రాలేదు" అని రాసి
సీసాను కిటికీ గట్టున వదిలేసి వెళ్ళిపోయాను.
డండీలో నవంబరు. నాలుగింటికే దీపాలు.
టే నది మీంచి కొట్టే గాలికి ఉబ్బి
ఆ కిటికీ చెక్క ఎప్పుడూ సరిగా మూసుకోదు.

సోమవారం, గాజుసామాను కడిగే ఎల్స్‌పెత్
సింకు దగ్గర్నుంచి కేకేసింది.
సీసా ఆమె చేతిలో తలకిందులుగా ఉంది.
మూత లేదు.
నీళ్ళు పడలేదు.

"ఏం కలిపావమ్మాయ్ ఇందులో?"
చిటికెడు పొడి. నూటికి అర పాలు కూడా లేదు.
మిగతాదంతా నీళ్ళే,
సందు దొరికితే జారుకునే మామూలు నీళ్ళు.

చిన్నప్పుడు దూసరి ఆకు నలిపి
గిన్నెడు నీళ్ళలో పిండి, గోడ వారన దాచేవాళ్ళం.
బడి వదిలేసరికి పచ్చగా గడ్డకట్టేది.
బ్లేడుతో ముక్కలు కోసి అమ్మేవాళ్ళం,
చింతపిక్కకి ఒకటి.
ఎందుకు గడ్డకట్టిందని అప్పుడెవరూ అడగలేదు.
ఇప్పుడు అడుగుతారు. జీతం దానికే.

ఆ ఆకులోవి పొడుగాటి గొలుసులు,
చిక్కుపడటం వాటికి పుట్టుకతో వచ్చిన విద్య.
నావి పొట్టివి. ఒక్కో అణువులో
యాభై పరమాణువులైనా ఉండవు.
ఎవరూ కట్టలేదు, కుట్టలేదు, జిగురు పూయలేదు.
చల్లారుతూ చల్లారుతూ
ఒకదాని మీద ఒకటి వాలాయి, విస్తళ్ళ దొంతరలా.
దీని హైడ్రోజన్ పక్కదాని ఆక్సిజన్‌ని తాకింది.
పట్టుకోలేదు. తాకింది.
నడవలో ఎదురైతే కొంగు తగిలినట్టు.
అలా కోటానుకోట్లు తగిలితే దారం.
దారాలు దారి తప్పితే వల.
వలలో చేప లేదు, ఏరుంది.

నిజానికివి స్ఫటికమవ్వాలనే బయల్దేరాయి.
అన్ని దిక్కులా పెరగాల్సినవి
ఒక్క దిక్కుకే పరిగెత్తాయి.

మధ్యాహ్నం మైక్రోస్కోపు గదిలో
ఎల్స్‌పెత్ తెర ముందు నిలబడి
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, "గోనెపట్టా" అంది.
వాళ్ళ అమ్మమ్మ పద్నాలుగో ఏట జనపనార మిల్లులో చేరింది.
మగ్గాల రొదకు చెవులు పోయి
ఆడవాళ్ళు పెదాలతో, వేళ్ళతో మాట్లాడుకునేవారట.
ఆ వేళ్ళు నాకు చేసి చూపించింది:
ఇది "మేస్త్రీ వస్తున్నాడు".
ఇది "టీకి వస్తావా".
తెర మీద దారాలు,
వెంట్రుకను నిలువునా వేల పాయలు తీస్తే
ఒక్క పాయంత.

వెళ్ళేముందు సీసాను గట్టిగా కుదిపాను.
కూలిపోయి గలగలమంది.
టీ తాగి వచ్చేసరికి మళ్ళీ బిగుసుకుని ఉంది,
ఏమీ జరగనట్టు.

మంగళవారం మళ్ళీ చేశాను.
అదే పొడి, అవే నీళ్ళు, అదే వేడి.
పాలు విరిగినట్టు అడుగున తెల్లటి తుక్కు.
బుధవారమూ అంతే.
గురువారం ఎల్స్‌పెత్ మాట్లాడకుండా
సీసా తీసుకెళ్ళి కిటికీ గట్టున పెట్టింది.

పద్ధతి రాసే పేజీలో
ఉష్ణోగ్రతకు గడి ఉంది, గాఢతకు ఉంది, గంటలకు ఉంది.
ఇంకో గడి గీశాను, స్కేలు లేకుండా, వంకరగా.
ఏ కొలతలో రాయాలో తోచలేదు.
"కిటికీ" అని రాశాను.
"రెండు వేళ్ళ సందు."