మూడు నారింజ, రెండు తెలుపు

ఎనిమిది జీబీ పక్కన ఇంకో ఎనిమిది.
డాబాగార్డెన్స్‌లో బేరమాడి తెచ్చుకున్నాను.
కొట్లో కుర్రాడు బిగిస్తానన్నాడు, రెండొందలిమ్మని.
రెండొందలెందుకు, నాకు చేతుల్లేవా అన్నాను.

వేట నిషేధం రోజులు.
హార్బర్లో బోట్లు ఒకదానికొకటి కట్టేసి
తోకలూపని గొడ్లలా నిలబడ్డాయి.
నాకు మాత్రం పని అప్పుడే.
పది నెలల ఐసు, డీజిలు, బత్తా,
ఏ కళాసీకి ఎంత ముట్టింది, ఎంత ముట్టలేదు,
అన్నీ ఈ నల్ల పలకలోనే.
ఐసు కొట్టు మూల, తడి గోనెల పక్కన
మూడేళ్లుగా ఇదీ నేనూ ఒకే ఉప్పు గాలి పీల్చాం.

పదకొండు మరలు. స్టీలు సాసర్లో లెక్కపెట్టి వేశాను.
కొత్తదాన్ని ఏటవాలుగా పెట్టి నొక్కాను.
క్లిక్కుమంది.
అన్నట్టే అనిపించింది.

మీట నొక్కితే
ఫ్యాను ఒక్కసారి నిట్టూర్చింది.
తెర నల్లగా.
మూల చిన్న దీపం మాత్రం
మూడు నారింజ, రెండు తెలుపు,
ఆగి, మళ్లీ మూడు, రెండు.
డాల్ఫిన్ నోస్ మీది దీపమైతే ఏ పడవైనా చదువుకుంటుంది.
ఇది ఎవరికి చెప్తోంది?

కొత్తది తీసేసి, పాతదాన్ని ఒక్కదాన్నే ఉంచాను.
నల్లగానే.
అప్పుడేసింది భయం.
కొత్తది పోతే డబ్బు పోతుంది,
పాతదీ పోతే పది నెలలు పోతాయి.
సూరాడ ఎర్రన్న బాకీ కూడా పోతుంది.
వాడికి తెలిస్తే నూకాలమ్మకి కోడిని కోస్తాడు.

మెట్టు మీద చుట్ట కాలుస్తున్న మైలపల్లి గురువులు మావ,
బోటింజన్లు విప్పడం తప్ప ఇంకోటి తెలీని మనిషి,
లోపలికొచ్చి, ముట్టుకోకుండా, వంగి చూశాడు.
"ఏటే గుంటా, ఒల్లు బాగున్నదాన్నే ఇప్పీసినావా?"
"అవును మావా."
"అయితే ముందు నీ సేతిని అనుమానించు."

ఇంజను తడబడితే
ఒక్కో సిలిండరు నట్టూ వదులు చేసి వింటాడట.
ఎక్కడ వదిలినా శబ్దం మారదో, రోగం అక్కడ.
"ఇందులో గదులెన్ని?"
"రెండు."
"బిళ్లలు?"
"రెండు."
"మరి నాలుగు రకాలుగా సూడాల. ఒకటే సూసి ఏడుస్తావేటి?"

బ్యాటరీ తీగ పీకాను. మీట నొక్కిపెట్టి ముప్పై లెక్కపెట్టాను.
ఆయనా లెక్కపెట్టాడు, ఇరవై ఆరు దగ్గర వెనకబడ్డాడు.
పాతది మొదటి గదిలో: మూడు, రెండు.
పాతది రెండో గదిలో: మూడు, రెండు.
కొత్తది, ఒంటరిగా:
తెర వెలిగింది.
బ్యాంకు గుమస్తా తలెత్తినట్టు, విసుగ్గానే,
కానీ ఎత్తింది.

పాతదాన్ని బల్బు కిందికి తెచ్చాం.
బంగారు పళ్ల మీద పచ్చటి మసక.
మూడేళ్ల ఉప్పు.
ఉన్నచోట ఉన్నంతకాలం ఎలాగో నెట్టుకొచ్చింది.
పక్కదానికి చోటు చేయబోయి నా వేలు కదిపింది, అంతే.
మావ నవ్వలేదు.
"మాదీ అదే రోగం" అన్నాడు,
నెల్లాళ్లుగా ఒడ్డునే ఉన్న మోకాళ్లు రుద్దుకుంటూ.

పక్కింటి దేముళ్లమ్మ కూతురి పెన్సిలు పెట్టెలోంచి
ద్రాక్ష వాసన రబ్బరు.
తుడిచెయ్యడానికి పుట్టినదానితో
జ్ఞాపకాన్ని రుద్దాను, ఒకే వైపుగా, మెల్లగా.
నల్లటి పొట్టు రాలింది.
"అరగదీసేయకు" అని పిల్ల రెండు సార్లంది.

రెండూ పెట్టాను. ఈసారి కొక్కేలు రెండు వైపులా పట్టడం కళ్లతో చూశాను.
మీట.
నల్లగా.
దీపం కూడా లేదు.
నా వేలు మళ్లీ మీట మీదికి పోతుంటే
ఆయన మణికట్టు పట్టుకున్నాడు.
"కొత్త కళాసీ ఎక్కినాడు. ఎవుడి సోటేటో సూసుకోనీ. బేగిపడకు."

ఒక నిమిషం. ఎక్కడో ఓడ కూసింది.
రెండు. చుట్ట ఆరిపోయింది, వెలిగించుకోలేదు.
ఆ తర్వాత నేను లెక్కపెట్టలేదు.

ఒక మూల పదహారు అని చూపించింది.
పద్దు తెరిచాను.
జ్ఞాపకం రెట్టింపైంది గానీ
ఎర్రన్న బాకీ
నాలుగు వేల మూడొందల డెబ్బై,
నిన్నటంతే.

మూత బిగించాక
సాసర్లో ఒక మర మిగిలింది.
మావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
ఏమీ అనకుండా
జేబులో వేసుకున్నాడు.