నల్లా వచ్చే రోజు

మా అత్తాపూర్ గల్లీలో
రోజు విడిచి రోజు వస్తుంది నల్లా,
తెల్లారగట్ల నాలుగున్నరకు.
ముందు గాలి వస్తుంది పైపులో
ముసలాయన గొంతు సవరించుకున్నట్టు.
ఆ చప్పుడుకి లేచేది నేనొక్కదాన్నే.

డ్రమ్ము రెండు వందల లీటర్లది.
నిండటానికి నలభై నిమిషాలు,
ఎండాకాలమైతే గంట.
ఎండాకాలమంటే నాకిష్టం. ఎవరికీ చెప్పను.

బీరువా వెనక నుంచి కాన్వాసు లాగాలంటే
ముందు మంచం జరపాలి, పాపతో సహా.
నాలుగు కోళ్లకూ పాత సాక్సులు తొడిగాను,
బండల మీద చప్పుడు లేకుండా జారుతుంది.
సాక్సులు రాజలింగానివి.
జత కోసం వెతకడం ఎప్పుడో మానేశాడు.

కాన్వాసు మీద మూసీ.
ఆషాఢంలో మొదలుపెట్టాను, ఇప్పుడు మాఘం.
ఒడ్డున గడ్డి కోసే ముగ్గురిలో
ఇద్దరికి ఇంకా ముఖాలు లేవు.
నీళ్ల రంగు కుదరదు.
అది నీలం కాదు, నలుపు కాదు,
అద్దకం బకెట్టులో ఆఖరికి మిగిలేది.
ఒక్కోసారి కుంచెకు చిక్కుతుంది.
చిక్కిన మరుక్షణం డ్రమ్ము గొంతు మారుతుంది,
బుడబుడ నుంచి సన్నగా, ఇంకా సన్నగా.
నిండబోయే డ్రమ్ము ఎట్లా కూస్తుందో
నా వీపుకు తెలుసు.

ఆరింటికి అత్తమ్మ కంట్లో చుక్కలు.
శుక్లం తీయించి పదకొండు రోజులు.
రెప్ప ఎత్తి పట్టుకుంటే
"కిరసనాయిలు వాసనొస్తుంది బిడ్డా నీ చెయ్యి" అంటుంది.
టర్పెంటైన్ అని సరిదిద్దను.
ఏడింటికి జీడిమెట్ల నుంచి రాజలింగం,
నైట్ డ్యూటీ కళ్లతో.
రెండు వేళ్లు పక్కకున్న మంచాన్ని
మోకాలితో సర్ది, ఏమీ అనకుండా పడుకుంటాడు.
అది కోపమో, దయో
ఏడేళ్లుగా తేల్చుకోలేదు నేను.

బంజారాహిల్స్ నుంచి ఫోను.
ఉగాది తర్వాత ఒక గోడ ఖాళీ ఉందట.
"ఎన్ని రెడీగా ఉన్నాయి?" అందావిడ.
పన్నెండు అన్నాను.
మూడున్నర ఉన్నాయి.
క్యాలెండర్ మీద వేలు పెట్టి
అప్పటికి నల్లా ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టాను.
ముప్పై ఒకటి,
ఎక్కడా పైపు పగలకపోతే.

స్కూల్లో డ్రాయింగంటే
సిలబస్ వెనకబడ్డ సార్లకు అప్పిచ్చే పీరియడ్.
అరవై ఎనిమిది నోట్‌బుక్కులు,
అన్నింట్లో రెండు కొండలు, నడుమ సూర్యుడు.
ఆరో తరగతి అయూబ్ ఒక్కడే
రెండు ఫ్లైఓవర్ పిల్లర్లు గీశాడు, నంబర్లతో సహా.
"సూర్యుడేడిరా?"
"పిల్లర్ ఎనక ఉన్నడు మేడం.
మా ఇంటికి పదకొండు దాటినంక వస్తడు."
పేజీ పై నుంచి కింది దాకా
రబ్బరు ముట్టని ఒకే గీత.
అట్లాంటి గీత నాకు రాదు.
దొంగిలించాను కూడా.
వంతెన కమాను పక్కన పెట్టి చూశాను, నిలవలేదు.
వాడికి మార్కులు మాత్రం ఇంకా వేయలేదు.

ఇవాళ రంగు చిక్కింది.
నా వీపు నన్ను పిలవడం మరిచిపోయింది.
నీళ్లు గడప దాటాయి, మెట్లు దిగాయి.
కింది నుంచి గౌసియా ఆపా,
"టీచరమ్మా, నల్లా బంద్ కరో!"
పరుగెత్తాను.
మంచం నాలుగు సాక్సులూ తడిసి ముద్ద.
పాప లేచి కూర్చుని
నీళ్లలో కాళ్లు ఆడిస్తోంది.
బట్టతో పిండీ పిండీ ఎత్తాను.
టిఫిన్ డబ్బాలో నిన్నటి పులిహోరే పెట్టాను,
అత్తమ్మ చుక్కలు ఇరవై నిమిషాలు ఆలస్యం.
చేతులు కడిగానో లేదో గుర్తులేదు.

బోర్డు మీద తేదీ రాస్తుంటే
ముందు బెంచీలోంచి అయూబ్
నా గోళ్లకేసి చూశాడు.
"మేడం, మీరు గూడ బొమ్మలేస్తరా?"

తలుపు దగ్గర లెక్కల సారు,
చేతిలో స్కేలు, ముఖంలో మిగిలిపోయిన చాప్టరు.
"ఇవాళ ఇవ్వను సార్" అన్నాను.
నా గొంతు నాకే వింతగా వినిపించింది,
గాలొచ్చి
నీళ్లింకా రాని పైపులాగా.