ఆలస్యం

బుధవారం స్త్రీల కూడిక.
మెట్టుగూడలో, రైల్వే క్వార్టర్స్ వెనక రేకుల గది.
ముందు వరుసలో దానమ్మక్క లేచి
ఇంటి లోను మంజూరైందని సాక్ష్యం చెప్పింది.
స్తోత్రం అన్నాం.
కమలిని కూతురికి పెళ్లయిన ఏడో ఏట కడుపు పండింది.
స్తోత్రం అన్నాం, చప్పట్లతో.
పాస్టరమ్మ కళ్లు నా మీద ఆగి
మెల్లగా పక్కకు జరిగిపోయాయి.

నా దగ్గరున్నది సగం సాక్ష్యం.
ముగింపు లేనిదాన్ని మైకులో ఎలా చెప్పను?

మల్కాజిగిరి ఆస్పత్రిలో, ఆ రాత్రి,
పద్నాలుగో బెడ్ మనిషికి
ఒంటిగంట పదికి ఎగశ్వాస మొదలైంది.
ఫోన్ చేశాను. మళ్లీ చేశాను.
డాక్టరు వచ్చేసరికి మూడూ నలభై.
అప్పటికే దుప్పటి ముఖం దాకా లాగేశాను.
తెల్లారి మేనేజరు కేస్ షీటు నా ముందు పెట్టి
పెన్ను మూత తనే తీసి ఇచ్చాడు.
"డాక్టరుగారు వచ్చింది ఒకటీ ఇరవైకి. రాసెయ్ సిస్టర్."
చాలా మర్యాదగా అడిగాడు. టీ కూడా తెప్పించాడు.

నాకేం ధైర్యం రాలేదు.
ఏ స్వరమూ వినబడలేదు.
ఏసీ గదిలో ఒళ్లంతా చెమట,
సుజన్ స్కూలు ఫీజు,
సండే స్కూల్లో కంఠతా పట్టిన తొమ్మిదో ఆజ్ఞ,
అదీ అర్థమై కాదు,
రబ్బరున్న పెన్సిలు బహుమతిగా ఇస్తారని.
చెయ్యి మూడూ నలభై అని రాసింది.
టీ ముట్టకుండానే లేచాను.

మా మరిది ప్రభుదాసు ఇప్పటికీ అంటాడు:
"ఒక్క అంకెనే గదా వదినా. చచ్చినోడు లేచొస్తడా?"
రాడు.
అతని తరఫున మాట్లాడటానికి
ఆ అంకె ఒక్కటే మిగిలింది.
ఈ జవాబు పది నెలల తర్వాత తోచింది.
ఆ రోజు మాత్రం బియ్యం కడుగుతూ ఊరుకున్నాను.

కొండ మీది కత్తి గురించి అందరూ ప్రసంగిస్తారు,
ఆగిన చెయ్యి గురించి, పొదలో చిక్కిన పొట్టేలు గురించి.
ఆ ముసలాయన మూడు రోజులు నడిచాడే,
ఆ నడక గురించి ఎవరైనా చెబితే బాగుండును.
మొదటి రాత్రి ఏం వండుకున్నారు?
కొడుకు చలికి దగ్గరగా జరిగితే
ఏ చేత్తో దుప్పటి కప్పాడు?
గాడిదకి నీళ్లు పెడుతున్నప్పుడు
ఇంటికి తిరిగే దారి కనిపించలేదా?
లోబడటమంటే కత్తి ఎత్తడం అనుకునేదాన్ని.
ఇప్పుడు, ఆ గాడిదకి నీళ్లు పెట్టడమేమో అనిపిస్తోంది.

నా గాడిద పాత స్కూటీ.
పొద్దున్నే తొమ్మిదో కిక్కుకి గానీ లేవదు.
లాలాగూడలో ఇన్సులిన్, చిలకలగూడలో పుండుకి కట్టు,
వారాసిగూడలో రజియాబీకి యూరిన్ బ్యాగు.
ఇంటికి వంద. కొందరు ఎనభై ఇస్తారు.
రాత్రి ప్రార్థనలో మాటలు అయిపోతాయి.
"ప్రభువా" అని మొదలుపెట్టి
తిరిగే ఫ్యాను చూస్తూ ఉండిపోతాను.
ఆయనా ఏమీ అనడు.
ఇద్దరం ఒకే గదిలో మేలుకుని ఉన్నామని తెలుస్తుంటుంది.
కొన్ని రాత్రులు అదీ తెలియదు.

మొన్న చిలకలగూడ మలుపులో
మటన్ కొట్టు ముందు కరెంటు స్తంభానికి
ఒక పొట్టేలు. కొమ్ములకి తాడు చుట్టుకుని
తల ఎత్తలేక నావైపే చూస్తోంది.
బండి ఆపాను.
నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం ఆశపడ్డాను.
కొట్టతను కత్తి నూరుతూ అడిగాడు:
"ఎంత కావాలమ్మా, పావుకిలోనా?"
ఎన్నాళ్లకో గట్టిగా నవ్వాను.
అది నా కోసం కాదు, ఆదివారం కోసం.
వంగి, కొమ్ముల చిక్కు తీసి బయల్దేరాను.

రజియాబీ గుమ్మం ఎక్కేసరికి ఏడూ పది.
రావలసింది ఆరున్నరకి.
ఆవిడకి చూపు లేదు, కొడుకు ఇంకా లేవలేదు,
గోడకి వేలాడే నోటుబుక్కులో
ఏ టైము వేసినా అడిగేవాళ్లు లేరు.
ఏడూ పది అని రాశాను.
పక్కనే, ఆలస్యం అని కూడా.